అడుగుట యొక విద్య

అడుగనిదే అమ్మయైనను పెట్టదని పెద్దల మాట. అయినను అమ్మ నడుగుట సులభము. ఆమె మన ముఖము చూచియే సగము గ్రహించును. మన ముఖ మెరుగని వారిని, ఏ యూరివారో తెలియనివారిని సహాయ మడుగవలసి వచ్చినప్పుడు సంగతి వేరు. అంతర్జాలము మూలమున నేడు ఇంటింట జరుగుచున్న దిదియే. పప్పు ఏల ఉడుకుట లేదు, ఇన్వర్టరు ఏల కూత పెట్టుచున్నది, చింతపండునకు పురుగు పట్టకుండ నేమి చేయవలయును, నిన్న సంధ్యవేళ ఆకాశమున బారులు తీరి సాగిపోయిన వెలుగు లేమి? ఇట్టి ప్రశ్నలను చేతిఫోనులో వ్రాసి లోకము మీదికి వదలుచున్నాము. ఎక్కడనో ఒకరు, మన వలన ఏ లాభమును కోరక, జవాబు చెప్పుచున్నారు. మన బిడ్డలు ఈ సౌకర్యమును నిత్యము వాడుచున్నారు గావున, దీనిని గూర్చి తల్లిదండ్రులకు కొన్ని సంగతులు విన్నవింప దలచితిమి.

ఈ పద్ధతి పూర్తిగా క్రొత్తది కాదు. 1691వ సంవత్సరమున లండను నగరములో జాన్ డంటన్ అను పుస్తక ప్రచురణకర్త 'ఎథీనియన్ మెర్క్యురీ' యను పత్రికను స్థాపించెను. ఎవరైనను పేరు తెలుపకయే ఏ ప్రశ్ననైనను పంపవచ్చును. పత్రిక దానికి జవాబు ప్రకటించును. జవాబులు చెప్పునది గొప్ప పండిత మండలి యని పాఠకులు నమ్మిరి. నిజమునకు ఆ మండలిలో నుండినది డంటనును, ఆయన బంధుమిత్రులు ఇద్దరు ముగ్గురును మాత్రమే. అడిగినవారికి పేరు లేదు, చెప్పినవారెవరో తెలియదు. నేటి మన స్థితియు నించుమించుగ నట్టిదే.

మన తెలుగున దీనికి భిన్నమైన ఉదాహరణము కలదు. మద్రాసులో నివసించిన శ్రీమతి మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' అను శీర్షికను దశాబ్దముల తరబడి నడిపి, తెలుగు ఇండ్లనుండి వచ్చిన ప్రశ్నలకు జవాబులు చెప్పిరి. ఆమె అడిగినవారి నెరుగకున్నను, అడిగినవారు ఆమె నెరుగుదురు. జవాబు వెనుక ఒక పేరును, ఆ పేరునకు ఒక బాధ్యతయు నుండెను. నేడు జవాబు చెప్పువారు వేలమంది. పేరు తెలిసినవారు అరుదు. ఆ బాధ్యతలో సగమిప్పుడు అడుగువారి మీదనే పడినది. కావుననే అడుగుట యొక విద్య యని మేము చెప్పుచున్నాము.

ఒక మంచి ప్రశ్న ఎంత దూరము పోగలదో చూపుటకు ఒక నిదర్శనము. 2007లో ఖగోళ శాస్త్రజ్ఞులు 'గెలాక్సీ జూ' అను పేర గెలాక్సీల చిత్రములను ప్రజల ముందుంచి, వాని ఆకారములను బట్టి వేరు చేయుడని కోరిరి. ఈ పనిలో పాల్గొన్న హానీ వాన్ ఆర్కెల్ అను డచ్చి దేశపు ఉపాధ్యాయిని, ఒక చిత్రములో గెలాక్సీ ప్రక్కన వింతయైన వెలుగు మరక యొకటి యుండుట గమనించి, ఇదేమని అడిగెను. శాస్త్రజ్ఞులకును తెలియలేదు. పెద్ద దూరదర్శినులు దానివైపు తిరిగినవి. ప్రక్కనున్న గెలాక్సీ నడిబొడ్డు ఒకప్పుడు మిక్కిలి ప్రకాశించి పిదప మందగించినదనియు, ఆ పాత వెలుగు సోకిన వాయుమేఘమే మనకు కనబడుచున్నదనియు తేలినది. ఆమె చేసిన దేమి? ఒక చిత్రమును, అందులో ఒక చోటును చూపి, తనకు తెలియదని స్పష్టముగ చెప్పెను. అంతియే.

మన యింటి ప్రశ్నలకును సూత్ర మిదియే. "పప్పు ఉడుకుట లేదు, ఏమి చేయవలయును?" అని యడిగిన, పది మంది పది మాటలు చెప్పుదురు. "కందిపప్పు; బోరు నీరు; కుక్కరులో అయిదు కూతలు; చింతపండు ముందే వేసితిమి" అని వ్రాసినచో, తెలిసినవారు వెంటనే పట్టుకొందురు. కఠిన జలములోని కాల్షియము, మెగ్నీషియములు పప్పుగింజ మెత్తబడకుండ నడ్డుపడును. పులుపును అట్లే చేయును. పప్పు మిక్కిలి పాతబడినను ఉడుకుట కష్టమే. ఈ మూడింటిలో మన యింటి కారణమేదో మనమిచ్చిన వివరమే తేల్చును. జవాబు వచ్చిన పిదప గ్రుడ్డిగ నమ్మ బనిలేదు. అదే పప్పును సగము బోరు నీటిలో, సగము శుద్ధి చేసిన నీటిలో ఉడికించి చూచిన ఒక్క పూటలో నిజము తెలియును.

రెండవ సంగతి. మనకు తోచిన ఉపాయమును గాక, మనకున్న చిక్కును అడుగవలెను. "ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కడ చవుక?" అని యడిగినవారికి అంగడి పేరు దొరకును. "కరెంటు పోయిన పది నిమిషములకే దీపము లారిపోవుచున్నవి" అని యడిగినవారిని, "బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోసి ఎన్నాళ్లయినది?" అని ఎవరైనను ఎదురడుగుదురు. ఆ యెదురు ప్రశ్న వేల రూపాయలు మిగుల్పవచ్చును.

మూడవది, జవాబును తూచు విధము. 2008లో మొదలైన 'ఐనాచురలిస్ట్' అను ఏర్పాటులో మొక్క యొక్కయో, పురుగు యొక్కయో ఛాయాచిత్రమును, చోటును, తేదీని ఇచ్చి పేరడుగవచ్చును. గుర్తించినవారిలో మూడింట రెండు వంతులకు పైగా ఏకీభవించిననే అచ్చట ఆ పేరు స్థిరపడును. పదిమంది ఒప్పుకొనుట మంచి గుర్తే గాని, పూర్తి ఋజువు కాదు. కారణము చూపిన జవాబు, కారణము చూపని జవాబుకన్న మేలు. బహిరంగముగ చెప్పిన జవాబు, చాటుగ చెప్పిన జవాబుకన్న మేలు. ఏలయనగా తప్పున్నచో దానిని దిద్దుటకు ఇతరులున్నారు.

అయితే అపరిచితుల నడుగరాని ప్రశ్నలును కలవు. జవాబు తప్పినయెడల పోవున దేమని ముందుగ ఆలోచింపవలెను. పప్పు సంగతిలో పోవునది ఒక పూట పప్పు. పాము కరచినప్పుడు, బిడ్డ ఏదైన మ్రింగినప్పుడు పోవునది ప్రాణము. అప్పుడు 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెనే గాని, ఫోనులో జవాబులకై వేచియుండరాదు.

పరీక్షల నియమములును ఇట్టివే. తమిళనాట 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు, పదవ తరగతిలో అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు వ్రాయవలసిన భాషాపత్రములను గూర్చి న్యాయస్థానముల ఉత్తర్వులు పలుమార్లు వెలువడినవి. ఒక యేటి జవాబు మరుసటి యేటికి చెల్లకపోవచ్చును. హోసూరు దాటి కొంత దూరము పోయిన కర్ణాటకము. అచ్చటివారు తమ నియమమును సద్బుద్ధితో చెప్పినను అది మనకు వర్తింపదు. ఇట్టి సందేహమునకు పాఠశాలకు రండు. ఉత్తర్వు కాగితమును చూపియే చెప్పెదము.

ధనము సంగతి మరింత జాగ్రత్త. గ్యాసు కంపెనీ నంబరు, బ్యాంకు నంబరు అని వెదకువారికి దొంగ నంబరులు దొరకునట్లు పెట్టు మోసగాండ్రున్నారు. మనము వెదకి అడిగిన అపరిచితుడు వేరు. మనలను వెదకికొని వచ్చిన అపరిచితుడు వేరు. ఓటీపీని ఎవరు అడిగినను చెప్పరాదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను. పిల్లలు ప్రశ్న వ్రాయునప్పుడు తమ పేరు, బడి పేరు, ఇంటి చిరునామా, యూనిఫారముతో నున్న ఫొటో పెట్టకుండ చూడుడు. పప్పు ఉడుకుటకు ఇంటి చిరునామాతో పనిలేదు గదా!

కడపట, భాష సంగతి. మన బిడ్డలు తమ ప్రశ్నలను తెలుగున నడుగుట లేదు. అడిగిన జవాబు రాదని వారి యభిప్రాయము. అడుగువారు లేనిచోట చెప్పువారు ఎట్లు వత్తురు? 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. అందు పనిచేయువారు తమ సందేహములను చర్చించుకొను చోటునకు 'రచ్చబండ' యని పేరు పెట్టుకొనిరి. ఊరివారందరు కూర్చుండి మాటాడుకొను బండ పేరు అంతర్జాలమున నిలిచినది. అట్టి బండమీద కూర్చుండుటకు మనకును హక్కు కలదు. పైగా మనకొక ప్రత్యేకమైన శక్తి యున్నది. మన యిండ్లలో తెలుగుతో పాటు తమిళ కన్నడములు తెలిసినవారు పెక్కురు. తమిళనాట భూమి కొన్నవారికి చిట్టా యననేమో, ఇచ్చటి ఆసుపత్రికి వచ్చిన ఆంధ్రులకు చీటీమీది తమిళపు మాటలకు అర్థమేమో మనము తెలుగున చెప్పగలము. అడుగువారికన్న చెప్పువారుగ మనమెక్కువ ఉపయోగపడవచ్చును.

సహాయము పొందినవారికి ఒక ఋణము మిగులును. ఏ యుపాయము పనిచేసినదో తిరిగి వ్రాయుటయే ఆ ఋణము తీర్చుట. అట్లు వ్రాయనిచో, రేపు అదే చిక్కుతో వచ్చువారు సగము త్రోవలో నిలిచిపోవుదురు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ప్రతి బిడ్డకు ఒక ప్రశ్నల పుస్తకము కొనియిండు. వారమునకొక ప్రశ్న తెలుగున వ్రాయింపుడు. దానిని మొదట ఇంటి పెద్దల నడుగవలెను; పిదప ఉపాధ్యాయుని, ఆ పిమ్మట గ్రంథాలయమును; అచ్చటను తేలనిది లోకమును. తేలిన జవాబును, అది తేలిన విధమును అదే పుటలో వ్రాసికొనవలెను. ప్రశ్న సరిగ వ్రాయ నేర్చిన బిడ్డకు పరభాషల నడుమ పెరుగుట వలన కొరత కలుగదు.