ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు: కాలమ్, గోడ బలాల అప్పగింత

బహుళ అంతస్తుల భవనం డిజైన్ మొత్తం ఒకే సాఫ్ట్‌వేర్‌లో పూర్తి కావడం అరుదు. స్లాబులు, దూలాలు, కాలమ్‌లు, కాంక్రీటు గోడలతో కూడిన పై నిర్మాణాన్ని ఈట్యాబ్స్‌లోనో స్టాడ్ ప్రోలోనో విశ్లేషిస్తారు. రాఫ్ట్ పునాదికి సేఫ్ వంటి వేరే ప్రోగ్రాం వాడతారు. విడి ఫుటింగులయితే చాలా ఆఫీసులలో సొంతంగా తయారు చేసుకున్న ఎక్సెల్ పట్టికతోనే పని నడుస్తుంది. అందువల్ల మొదటి ప్రోగ్రాం లెక్కగట్టిన బలాలు రెండో దానికి చేరాలి. పాఠ్యపుస్తకాలలో విశ్లేషణకు అధ్యాయాలు ఉంటాయి, డిజైన్‌కూ ఉంటాయి. ఆ రెండింటి మధ్య జరిగే ఈ అప్పగింత గురించి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు. ఈ పాఠంలో దానినే పరిశీలిద్దాం.

ఒక కాలమ్ అడుగున 120 కిలోన్యూటన్-మీటర్ల భ్రామకం ఉందని మీకు ఎవరో చెప్పారనుకోండి. ఆ సంఖ్య ఒక్కదానితో మీరు ఏమీ డిజైన్ చేయలేరు. అది ఏ అక్షం చుట్టూ పనిచేస్తోంది? ఎటువైపు తిప్పుతోంది? అంతస్తు పై కొన దగ్గరదా, అడుగు దగ్గరదా? ఏ భారం వల్ల వచ్చింది? భద్రతా గుణకంతో హెచ్చవేసినదా, కాదా? అదే భారం కింద ఆ కాలమ్‌లో అక్షీయ బలం ఎంత? బలం అంటే ఈ వివరాలన్నీ కలిసిన మూట. మూటలో నుంచి సంఖ్యను మాత్రమే తీసి పంపితే అవతలి ప్రోగ్రాం మిగతా వివరాలను తన అలవాటు ప్రకారం ఊహించుకుంటుంది. ఊహ తప్పినా అది ఫిర్యాదు చేయదు. ఫుటింగ్ కొలతలు, కడ్డీల వివరాలు చక్కగా ముద్రించి ఇస్తుంది.

అక్షాల పేర్లు, వాటి అర్థాలు

ఈట్యాబ్స్‌లో జడ్ అక్షం నిట్టనిలువుగా ఉంటుంది. భవనం ప్లాను ఎక్స్, వై అక్షాల తలంలో ఉంటుంది. స్టాడ్‌లో మనం మార్చకపోతే వై అక్షం నిలువుగా, ప్లాను ఎక్స్, జడ్ తలంలో ఉంటాయి. ఎక్స్ అక్షాలను ఒకే దిశలో పెట్టి చూడండి. కుడిచేతి నియమం ప్రకారం ఈట్యాబ్స్‌లోని ధన వై దిశ స్టాడ్‌లో రుణ జడ్ దిశ అవుతుంది. అంటే పేరుతో పాటు గుర్తు కూడా మారింది. నా మాట నమ్మకుండా ఒక కాగితం మీద మూడు గీతలు గీసి మీరే సరిచూసుకోండి. ఈ విషయం చదివితే కంటే గీస్తేనే బాగా తెలుస్తుంది.

ఇవి భవనం మొత్తానికి చెందిన అక్షాలు. ప్రతి కాలమ్‌కూ సొంత అక్షాలు వేరే ఉంటాయి. ఈట్యాబ్స్ కాలమ్‌లో 1వ అక్షం కాలమ్ పొడవునా పైకి, 2వ అక్షం సాధారణంగా భవనం ఎక్స్ దిశలో ఉంటాయి. ఫలితాల పట్టికలో పి, వీ2, వీ3, టి, ఎం2, ఎం3 అనే నిలువు వరుసలు కనిపిస్తాయి. ఎం3 అంటే 3వ అక్షం చుట్టూ భ్రామకం. అది కాలమ్‌ను 1-2 తలంలో, అంటే ఎక్స్ దిశలో వంచుతుంది. భవనం అక్షాలలో చెప్పాలంటే అది వై అక్షం చుట్టూ భ్రామకం.

గందరగోళం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. "ఎక్స్ భ్రామకం" అన్నప్పుడు ఒకరి ఉద్దేశం ఎక్స్ అక్షం చుట్టూ అని, మరొకరి ఉద్దేశం ఎక్స్ దిశలో వంచేది అని. రెండూ వాడుకలో ఉన్నాయి. ఎవరి ఎక్సెల్ పట్టికలోనైనా "ఎంఎక్స్" అనే శీర్షిక కనిపిస్తే దాని అర్థం తయారు చేసినవారిని అడగకుండా అందులో ఒక్క అంకె కూడా నింపకండి. పైగా వాస్తు కోసమో పార్కింగు కోసమో కాలమ్‌ను 90 డిగ్రీలు తిప్పితే దాని సొంత అక్షాలూ తిరుగుతాయి. అప్పుడు ఆ ఒక్క కాలమ్‌కు ఎం2, ఎం3ల పాత్రలు తారుమారవుతాయి. పక్క కాలమ్‌లకు కావు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో లెక్కతో చూద్దాం. ఎక్స్ దిశలో 3 మీటర్లు, వై దిశలో 2 మీటర్లు ఉన్న ఫుటింగు తీసుకోండి. దాని సొంత బరువుతో సహా మొత్తం భారం 1200 కిలోన్యూటన్లు. వైశాల్యం 6 చదరపు మీటర్లు కాబట్టి సగటు పీడనం చ.మీ.కు 200 కిలోన్యూటన్లు. నేలకు అనుమతించిన పీడనం 250. భ్రామకం 120.

ఆ భ్రామకం 3 మీటర్ల దిశలో వంచితే సెక్షన్ మాడ్యులస్ 2 × 3² ÷ 6 = 3 ఘన మీటర్లు. 120ని 3తో భాగిస్తే 40. గరిష్ఠ పీడనం 240, ఫుటింగు సరిపోతుంది. అదే భ్రామకం 2 మీటర్ల దిశలో వంచితే మాడ్యులస్ 3 × 2² ÷ 6 = 2. 120 ÷ 2 = 60. గరిష్ఠ పీడనం 260, సరిపోదు. కాంక్రీటు అదే, నేల అదే, భ్రామకం అదే. నిజంగా 2 మీటర్ల దిశలో వంచే భ్రామకాన్ని పొరపాటున రెండో గడిలో రాస్తే, కాగితం మీద 240 కనిపిస్తుంది; నేల మీద 260 పడుతుంది.

గుర్తుల సంగతి

ఈట్యాబ్స్‌లో అక్షీయ బలం ధనంగా ఉంటే తన్యత, రుణంగా ఉంటే సంపీడనం. స్టాడ్‌లో మెంబరు ప్రారంభ కొన దగ్గర అక్షీయ బలం ధనంగా ఉంటే సంపీడనం. కాలమ్ సెక్షన్ డిజైన్ ప్రోగ్రాములు చాలా వరకు సంపీడనాన్నే ధనంగా తీసుకుంటాయి. రుణ 1200ను అలాగే ఎక్కిస్తే కాలమ్ తన్యతకు డిజైన్ అయి, విపరీతమైన ఉక్కు అడుగుతుంది. ఈ తప్పు వెంటనే కంటబడుతుంది కాబట్టి అంత ప్రమాదకరం కాదు.

ప్రమాదమంతా దాని విరుగుడుగా కొందరు వాడే ఉపాయంలో ఉంది. గుర్తుల తలనొప్పి ఎందుకని ఎక్సెల్‌లో అన్ని విలువలనూ ధనంగా మార్చేస్తారు. గోడ చివర ఉన్న కాలమ్‌లో భూకంప భారం వల్ల 200 కిలోన్యూటన్ల పైకి లాగే బలం వచ్చి ఉంటే, అది ఈ ఉపాయంతో 200 కిలోన్యూటన్ల సంపీడనంగా మారిపోతుంది. లంగరు కడ్డీలు అవసరమైన చోట ఏమీ అక్కరలేదని ఫలితం వస్తుంది. ఆఫీసులలో ఇంత తేలికగా అలవాటయ్యే చెడ్డ పద్ధతి మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఆధార ప్రతిచర్య అంటే పునాది భవనం మీద చూపే బలం. పునాది మీద పడేది దానికి సమానం, దిశలో వ్యతిరేకం. ప్రతిచర్యల పట్టికను చేత్తో తెచ్చి పునాది ప్రోగ్రాంలో భారాలుగా రాసేటప్పుడు ఆరు విలువల గుర్తులనూ మార్చాలి. నిలువు బలం గుర్తు మార్చి, అడ్డ బలాల గుర్తులు మరచిపోవడం తరచుగా జరుగుతుంది.

అడ్డ బలం గుర్తు పట్టించుకోవలసినదేనా అని మీకు అనిపించవచ్చు. పై ఉదాహరణనే కొనసాగిద్దాం. 120 భ్రామకం 3 మీటర్ల దిశలో ఉందనుకోండి. అదే దిశలో కాలమ్ అడుగున 40 కిలోన్యూటన్ల అడ్డ బలం ఉంది. కాలమ్ అడుగు నుంచి ఫుటింగ్ అడుగుకు 1.5 మీటర్ల లోతు. అడ్డ బలం వల్ల ఫుటింగ్ అడుగున అదనంగా 40 × 1.5 = 60 భ్రామకం వస్తుంది. ఫ్రేము పక్కకు ఊగినప్పుడు ఈ 60, ఆ 120తో కలుస్తుంది. మొత్తం 180, పీడనం 200 + 60 = 260. రెండింటిలో ఒకదాని గుర్తు మాత్రమే తిరగబడితే కలవవలసినవి తీసివేతకు వస్తాయి: మొత్తం 60, పీడనం 220. సరిపోని ఫుటింగు దర్జాగా సరిపోయినట్లు కనిపిస్తుంది.

ఏ భారాలు పంపాలి?

మన నిబంధనల ప్రకారం ఫుటింగు వైశాల్యం నిర్ణయించడానికి గుణకాలు వేయని భారాలు కావాలి. కాంక్రీటు మందానికి, కడ్డీలకు గుణకాలు వేసిన భారాలు కావాలి. ఐఎస్ 456:2000లో శాశ్వత, చర భారాల కలయికకు గుణకం 1.5. మొదటి ప్రోగ్రాం 1.5తో హెచ్చవేసిన ఫలితాన్ని పంపి, రెండోది మళ్లీ 1.5 వేస్తే మొత్తం 2.25 అవుతుంది. అందుకే కలయికలను పంపవద్దు. శాశ్వత భారం, చర భారం, ఎక్స్ దిశ భూకంపం, వై దిశ భూకంపం, ఇలా విడి లోడ్ కేసులనే పంపి, కలయికలను రెండో ప్రోగ్రాంలో కట్టుకోవాలి. 0.9 శాశ్వత భారం + 1.5 భూకంప భారం అనే కలయికను అక్కడ తప్పకుండా చేర్చండి. పునాది పైకి లేచే అవకాశాన్ని బయటపెట్టేది అదే.

కాలమ్ డిజైన్‌కు పంపేటప్పుడు మరో ఆకర్షణ ఉంటుంది: పట్టికలో అత్యధిక పి ఒక చోట నుంచి, అత్యధిక ఎం మరో చోట నుంచి ఏరుకుని ఒకే వరుసగా చేయడం. ఒక కలయికలో పి 1800, ఎం 40. మరొక కలయికలో పి 700, ఎం 150 అనుకుందాం. 1800తో 150ని జతచేస్తే సురక్షితమేగా అనిపిస్తుంది. కాని పి-ఎం పరస్పర చర్య వక్రాన్ని గుర్తు చేసుకోండి. సంతులిత బిందువుకు దిగువన సంపీడనం తగ్గేకొద్దీ కాలమ్ భ్రామకాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. కాబట్టి 700, 150ల జతే ప్రమాదకరం కావచ్చు. ఏరుకున్న వరుసలో ఆ జత లేనే లేదు. ఒక వరుసలోని పి, ఎం2, ఎం3 ఎప్పుడూ కలిసే ప్రయాణించాలి.

రెస్పాన్స్ స్పెక్ట్రమ్ పద్ధతిలో వచ్చిన భూకంప ఫలితాలకు ఈ నియమం కూడా చాలదు. ఆ పద్ధతిలో వివిధ కంపన రీతుల ఫలితాలను వర్గాల ఆధారంగా కలుపుతారు కనుక గుర్తులు పోయి, అన్నీ ధన గరిష్ఠాలుగా మిగులుతాయి. ఒకే వరుసలో ఉన్నా అవి ఒకే క్షణానికి చెందినవి కావు. భూకంపంలో భవనం ఒక పక్క కాలమ్‌లు కిందికి నొక్కితే ఎదురు పక్కవి పైకి లాగుతాయి. ఈ ఫలితాలను రాఫ్ట్ మీద నేరుగా పెడితే అన్ని కాలమ్‌లూ ఒకేసారి కిందికి నొక్కినట్లు అవుతుంది. అలాంటి భూకంపం ఉండదు. రాఫ్ట్‌కు సమతుల్య స్థితిక పద్ధతి కేసులను పంపడం మంచిదని నేను చెబుతాను. వాటిలో గుర్తులు నిలుస్తాయి, మొత్తాలు సరిపోతాయి.

గోడలు

కాలమ్ ఒక గీత. గోడ అలా కాదు. ప్రోగ్రాంలో గోడ చిన్న చిన్న పలకలుగా విడిపోయి ఉంటుంది. ఈట్యాబ్స్‌లో ఆ పలకలకు పియర్ పేరు ఇస్తే, ప్రతి అంతస్తులో పైనా అడుగునా వాటి బలాలను కూడి ఒకే పి, ఒకే ఎం2, ఎం3గా ఇస్తుంది. ఆ పేరు ఎలా ఇచ్చామన్నదే అసలు విషయం. లిఫ్టు చుట్టూ ఉన్న మూడు గోడలకు ఒకే పేరు ఇస్తే కూలదోసే ప్రభావం ఒక పెద్ద భ్రామకంగా కనిపిస్తుంది. మూడు పేర్లు ఇస్తే అదే ప్రభావం ఒక గోడలో సంపీడనంగా, ఎదుటి గోడలో తన్యతగా కనిపిస్తుంది. రెండూ నిజమే, అవతలి ప్రోగ్రాం దేనిని ఆశిస్తోందో తెలియాలి.

మూడు గోడల లిఫ్టు కోర్‌కు కేంద్రభారం లిఫ్టు గది మధ్యలో ఉండదు. వెనుక గోడ వైపు జరిగి ఉంటుంది. కోర్ మీద 6000 కిలోన్యూటన్ల భారాన్ని కేంద్రభారానికి 0.3 మీటర్ల దూరంలో ఉంచితే, ఎక్కడా లేని 1800 కిలోన్యూటన్-మీటర్ల భ్రామకాన్ని సృష్టించినట్లు. రాఫ్ట్ విషయంలోనైతే కోర్ మొత్తాన్ని ఒక బిందు భారంగా పెట్టడమే సరికాదు. నిజానికి గోడ తన పొడవునా భారాన్ని పరుస్తుంది, రాఫ్ట్‌ను బిగువుగానూ ఉంచుతుంది. గోడ అడుగున ఉన్న ప్రతి జాయింటు ప్రతిచర్యను విడివిడిగా పంపితే ఈ బెడద ఉండదు.

అప్పగించాక సరిచూడటం

కాలమ్‌లను సంఖ్యలతో కాకుండా నిరూపకాలతో జతచేయండి. మోడల్‌లో ఒక దూలం చెరిపి మళ్లీ గీసినా అంతర్గత సంఖ్యలు మారవచ్చు. కాలమ్ ఉన్న చోటు మారదు. ప్రమాణాలు రెండు వైపులా ఒకటేనని చూడండి. టన్నులలో ఆలోచించే ఇంజనీర్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక టన్ను 9.81 కిలోన్యూటన్లు.

తర్వాత ప్రతి లోడ్ కేసుకూ రెండో ప్రోగ్రాంలోని నిలువు భారాల మొత్తం, రెండు దిశల అడ్డ బలాల మొత్తం తీసి, మొదటి ప్రోగ్రాం ఆధార ప్రతిచర్యలతో పోల్చండి. అవి సరిపోయినంత మాత్రాన ఆగవద్దు. రెండు కాలమ్‌ల భారాలు ఒకదాని చోట మరొకటి పడినా మొత్తం మారదు. అందుకే ఒక మూల బిందువు చుట్టూ అన్ని భారాల భ్రామకాన్ని కూడా రెండు వైపులా లెక్కించాలి. స్థానాల తప్పులు, గుర్తుల తప్పులు అక్కడ పట్టుబడతాయి.

చివరగా లోపలి కాలమ్ ఒకదానిని చేత్తో లెక్కించండి. కాలమ్‌ల మధ్య దూరం 4 మీటర్లు, 5 మీటర్లు అయితే దాని వంతు వైశాల్యం 20 చ.మీ. ఐదు స్లాబులు, చ.మీ.కు అన్నీ కలిపి సుమారు 12 కిలోన్యూటన్లు అనుకుంటే 20 × 5 × 12 = 1200. ప్రోగ్రాం 1150 చూపినా 1300 చూపినా ఫరవాలేదు. 1800 చూపితే ఎక్కడో గుణకం కలిసిందేమో చూడండి. 120 చూపితే ప్రమాణాలు చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఈట్యాబ్స్‌లో ఒక కాలమ్ 2వ అక్షం భవనం వై దిశలో ఉండేలా తిప్పబడింది. శాశ్వత భారం కింద దాని అడుగున పి = రుణ 900, ఎం3 = 80. ఫుటింగు ఎక్స్ దిశలో 2.5 మీటర్లు, వై దిశలో 2 మీటర్లు. 900లో దాని సొంత బరువు కలిసి ఉందనుకోండి. ఈ భ్రామకం ఫుటింగును ఏ దిశలో వంచుతుంది? గరిష్ఠ పీడనం ఎంత? కాలమ్ తిప్పిన సంగతి గమనించకుండా లెక్క వేసినవారికి ఎంత వస్తుంది?