మాటయే చిరునామా

పాతకాలపు వర్తకుల యుత్తరములను జూచినవారికి, కాగితపు తలకట్టున అంగడిపేరునకు దిగువ ‘టెలిగ్రామ్స్’ అని వ్రాసి, ప్రక్కన నొక చిన్నమాట ముద్రించియుండుట జ్ఞప్తియందుండును. తంతివార్తకు మాటల లెక్కను సొమ్ము చెల్లింపవలసియుండెను. కావున ఊరు, వాడ, ఇంటిపేరు వరుసగ వ్రాయుటకు మారుగ నొక్క పదమును తంతి కార్యాలయమున రిజిస్టరు చేయించుకొని, దానికి ఏటేట రుసుము గట్టుచుండెడివారు. ఒక పట్టణమున ఒక మాట యొక్కరికే చెల్లెడిది. మంచి మాట ముందుగ దక్కించుకొనిన వర్తకుడు దానిని తన గుమాస్తాకంటె భద్రముగ గాపాడుకొనెడివాడు. 2013 జూలైలో ఈ దేశమున తంతివార్తలు నిలిచిపోయినవి. ఆ చిన్నమాటకు మాత్రము చావు రాలేదు. డొమైన్ నామమను పేర నది ఇంటర్నెట్టున మరల బుట్టినది. అప్పుడొక పట్టణమున ఒకరికి జెల్లిన మాట, ఇప్పుడు భూమండలమంతట నొక్కరికే చెల్లును. ఇంతే భేదము.

కంప్యూటరు యంత్రములు ఒకదానినొకటి గుర్తించుకొనునది అంకెలతో. మనుష్యునికి అంకెలు నోట నిలువవు. అందుచే 1983లో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు అంకెలకు బదులు పేర్లు వ్యవహరించునట్టి యొక యేర్పాటును రచించెను. చివర ‘కామ్’ అని గల పేర్లలో మొదటిది 1985 మార్చి 15వ తేదీని సింబాలిక్సు అను అమెరికా సంస్థ పేర నమోదయ్యెను. తరువాత పదేండ్లవరకు పేర్లు అడిగినవారికి ఉచితముగనే యిచ్చుచుండిరి. 1995లో రుసుము విధించిరి. రుసుము పుట్టినది మొదలు బేరమును పుట్టెను.

ఆ బేరమెంతవరకు బోయినదో కొన్ని యంకెలు చెప్పిన జాలును. ‘బిజినెస్ డాట్ కామ్’ అను పేరు 1997లో ఒకటిన్నర లక్షల డాలర్లకు అమ్ముడువోయి, 1999లో 75 లక్షల డాలర్లు పలికెను. 2019లో ‘వాయిస్ డాట్ కామ్’ అను నొక్క పేరునకు మూడుకోట్ల డాలర్లు చెల్లించిరి. ఈ పేర్లలో నింద్రజాలమేమియు లేదు. వ్యాపారము, గొంతు: ఇంగ్లీషు నేర్చిన ప్రతి పిల్లవానికి దెలిసిన మాటలు. ఆ తెలియుటయే వాని వెల. చెవిని బడినంతనే అక్షరముల నడుగకుండ వ్రాయగల మాట, ఒకపరి విన్న మరువని మాట, రహదారికి ముఖముగల స్థలమువంటిది. లోపలి గొందిలోని అంగడి యెంత మంచిదైనను బాటసారికి గానరాదు గదా.

అయినను స్థలముండిన మాత్రమున వ్యాపారము సాగదనుటకును అమెరికాయే సాక్ష్యము. పెంపుడు జంతువులకు గావలసిన వస్తువులను విక్రయించుటకై ‘పెట్స్ డాట్ కామ్’ అను చక్కని పేరుతో వెలసిన సంస్థ 2000 ఫిబ్రవరిలో వాటాలను బజారున బెట్టి, అదే సంవత్సరము నవంబరులో మూతపడెను. మఱియొకవైపు, 1997లో నమోదయిన ‘గూగుల్’ అను పేరు అప్పటి సామాన్య నిఘంటువులలో లేనిది. గణితశాస్త్రములోని యొక పెద్దసంఖ్య పేరును తప్పుగ వ్రాయగా వచ్చినది. నేడు దానిని పలుకని యూరు లేదు. మాట వాకిలి మాత్రమే, ఇల్లు వేఱుగ గట్టుకొనవలసినదే యని మా యభిప్రాయము. కాని వాకిలి లేని యింటికి అతిథులు రారు.

భూములుగల మా చదువరులు ఈ సొత్తు యొక్క స్వభావమును సరిగా దెలిసికొనవలెను. ఇది పట్టాభూమి కాదు, కౌలు. ఎన్ని కోట్లు పోసి కొన్నను, ఏటేట రుసుము చెల్లించినంతవరకే మనది. గడువు దప్పిన కొంతకాలమునకు మఱియొకడు వచ్చి పాతుకొనును. పొరుగువాని ప్రఖ్యాతిని దొంగిలించుటకై వాని పేరును ముందుగ నమోదు చేసికొనువారును గలరు. 1999లో ‘యాహూ’ సంస్థ పేరునకు ‘ఇండియా’ అని తగిలించి నడుపుచుండిన వారిని ఢిల్లీ హైకోర్టు నిషేధించెను. అంతకంటె మనకు దగ్గరిది సత్యం ఇన్ఫోవే వ్యాజ్యము. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సునకు అనుబంధముగ వెలసిన ఆ సంస్థ తన పేరులోని యక్షరములను గూర్చి ‘సిఫీ’ యను మాటను గల్పించుకొని 1999లో నమోదు చేయించెను. మఱియొకరు ఎఫ్ అక్షరమును రెండింతలు చేసి, దాదాపు అదే మాటతో వేఱొక ద్వారము దెఱచిరి. బెంగుళూరు సివిలు కోర్టున గెలిచి, హైకోర్టున నోడి, తుదకు 2004 మే నెలలో సుప్రీముకోర్టులో ఆ సంస్థయే నెగ్గెను. డొమైన్ నామము వట్టి చిరునామా గాదనియు, వ్యాపారచిహ్నమునకు గల లక్షణములు దానికిని గలవనియు ఆ తీర్పు దేల్చినది. ఒక్క యక్షరము ఎక్కువయగుట యెంత వ్యాజ్యమునకు దారితీసెనో గమనింపవలెను. ఏలయన, తెలుగు మాటలు రోమను లిపిలో బడిన యవస్థ యంతయు ఈ యక్షరము దగ్గరనే యున్నది.

జనగామ జిల్లాలోని నర్మెట్ట మండలమునే యుదాహరణముగ గొందము. అచ్చటి రైతుకు ఇంటర్నెట్టుతో బడిన గాఢమైన సంబంధము సినిమాల వలనను గాదు, వర్తకము వలనను గాదు, భూమి వలన. 2020 అక్టోబరు 29న తెలంగాణ ప్రభుత్వము భూముల లెక్కలను, వ్యవసాయభూముల రిజిస్ట్రేషనులను ఒక్క ద్వారమునకు దెచ్చి దానికి ‘ధరణి’ యని పేరిడెను. తహశీలుదారే రిజిస్ట్రారయ్యెను. పేరు బెట్టినవారు మాటయొక్క మర్మము నెఱిగినవారే యని యొప్పుకొనక తప్పదు. ధరణి యన్నది మన కావ్యములలోని మాట, హరికథలలో విన్న మాట. కొలది మాసములలోనే అది చిరునామాయను సంగతి జనులు మఱచిరి. ‘మా చెలక ధరణిలో ఎక్కలేదు’, ‘ధరణిలో పేరు తప్పు పడ్డది’ అని పల్లెలలో వాడుక యయ్యెను. ఆ యేర్పాటు గుణదోషములను గూర్చి యెన్నికల సభలలో జరిగిన వాగ్వాదము లోకవిదితము. దానిలోనికి మేమిప్పుడు దిగబోము. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున ‘భూభారతి’ వచ్చినది. ప్రభుత్వము మాఱినపుడు చట్టముతోబాటు మాటనుగూడ మార్చుట యావశ్యకమని తోచినదనగా, ఆ మాటకెంత బలము గలదో వేఱుగ జెప్పనేల?

ఇక వ్రాత సంగతి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2015లో దెఱచిన భూమి లెక్కల ద్వారము పేరు ‘మీభూమి’. అందు ‘భూ’ అను నక్షరమును రోమను లిపిలో ఓ అక్షరమును రెండుమార్లు వ్రాసి చూపిరి. తెలంగాణమువారి ‘భూభారతి’లో అదే ‘భూ’ యను నక్షరమును ఒక్క యు అక్షరముతో ముగించిరి. భాష యొక్కటి, మాట యొక్కటి, భూమియు నొక్కటియే, వ్రాత రెండు విధములు. ‘రైతు’ను తీసికొనుడు. 2018లో వచ్చిన ‘రైతుబంధు’లో దానిని ఆర్, వై, టి, హెచ్, యు అని వ్రాసిరి. పాత రెవిన్యూ పత్రములలో ఇంగ్లీషువారు ఆర్, వై, ఓ, టి అని వ్రాసిరి. బడిలో జదివిన పిల్లవాడు ఆర్, ఏ, ఐ, టి, యు అని వ్రాయును. ముగ్గురును తప్పు వ్రాయలేదు. కాని యంత్రమునకు ఈ మూడును మూడు వేఱు మాటలు.

హ్రస్వదీర్ఘముల భేదము, తకార టకారముల భేదము, లకార ళకారముల భేదము రోమను లిపికి లేవు. ఎం, ఏ, టి, ఏ యను నాలుగక్షరములను జూచి మాట యనవచ్చును, మాత యనవచ్చును, మత మనవచ్చును. కె, ఏ, ఎల్, ఏ యన్న నది కలయా, కళయా, కాలయా? పాటకును పాతకును అక్కడ భేదము లేదు. తకారమునకు హెచ్ చేర్చు నాచారము కొందఱిది, చేర్చనిది కొందఱిది. నర్మెట్ట పేరుననే టి అక్షరము ఒకటియా రెండా, తుదను ఏ గలదా లేదా యని సందేహము. ఎఱుగనివాడు దానిని ‘నర్మెత్త’ యని చదివినను అడ్డుపెట్టజాలము. జనగామ గతి యింకను విచిత్రము. ఊరివారు పలుకునది జనగామ, కచేరీ కాగితములపై రోమను లిపిలో గానవచ్చునది జన్‌గావ్. ఈ పలుకు ఈ నేలకు జెందినది కాదు. పాల్కురికి సోమనాథుడు జానుతెనుగును మెచ్చి కావ్యములు చెప్పిన పాలకుర్తియు, పోతన యూరని చెప్పు బమ్మెరయు ఈ జిల్లాలోనివే యని తలచికొన్నపుడు మా మనస్సునకు గొంత కష్టము తోచుట సహజము.

కాబట్టి ఇంగ్లీషు మాటకుగల మూడుకోట్ల డాలర్ల సుగుణము, అనగా విన్నది విన్నట్లు వ్రాయగలుగుట, రోమను వేషము వేసిన తెలుగు మాటకు లేదు. చెవికి బరిచితము, చేతి కపరిచితము. ఈ సందున దొంగలు దూరుదురు. తిరుమల దేవస్థానమువారి పేరును బోలిన పేర్లతో నకిలీ ద్వారములు దెఱచి, దర్శనపు టిక్కెట్లని, వసతిగదులని చెప్పి భక్తుల సొమ్ము కాజేసిన వైనములు పత్రికలలో వచ్చినవే. 2023 నాటికి అట్టివి నలుబదికి పైగా బయల్పడినవి. దేవస్థానమువారి ద్వారము ప్రభుత్వ సంస్థలకు మాత్రమే దొరకు నామము క్రింద నున్నది. భూభారతియు నట్టి నామము క్రిందనే యున్నది. అది రక్షణయే. అయితే చుక్కల వెనుక వరుసగ వచ్చు తోకను జదివి అసలు నకిలీలను దెలిసికొనవలసిన భారము, ఇంగ్లీషు రాని భక్తునిపైనను రైతుపైనను బడుచున్నది.

దీనికి మందు లేదా? కలదు, కొని యలమారలో బెట్టియున్నారు. తెలుగు లిపిలో ‘భారత్’ అను తుదిపేరు 2011లోనే ప్రపంచపు మూలపట్టికలో జేరినది. అరవమున మాత్రము ‘ఇందియా’ యని చేరినది. 2014 ఆగష్టులో దేవనాగరి పేర్లతో వినియోగము మొదలయ్యెను, తరువాత తక్కిన లిపులవియు వచ్చినవి. ‘డాట్ ఇన్’ నామములను పాలించు నిక్సి సంస్థయే వీనిని నిచ్చుచున్నది. 2021 మొదట, ‘ఇన్’ నామము కొనువారికి దేశభాషలలో నొక నామమును ఉచితముగ నిత్తుమని గూడ ఆ సంస్థ ప్రకటించెను. తెలుగు లిపిలో ‘కళ’ కళయే, ‘కల’ కలయే. భూకారమునకు దీర్ఘ మొక్కటియే.

అయినను ఈ పేర్లు జనములోనికి రాలేదు. కారణములు గలవు. ఇంటర్నెట్టు లోలోపల రోమను అక్షరములనే యెఱుగును. తెలుగు పేరును ‘ఎక్స్, ఎన్’ అని మొదలిడి రెండు అడ్డగీతలు గీసి, పిమ్మట అర్థములేని యక్షరములు చేర్చి యది మోసికొనిపోవును. ఈ సంకేతపద్ధతి 2003లో స్థిరపడినది. కొన్ని యంత్రములు చదువరికి తెలుగును జూపక ఆ సంకేతమునే చూపును. దానిని జూచినవా డిదేదో మోసమని వెనుదిరుగును. తెలుగు లిపిలోని టపా చిరునామాను బ్యాంకుల పత్రములు, కచేరీ పత్రములు పెక్కులు స్వీకరింపవు. తెలుగు కన్నడ లిపులలో ననేకాక్షరము లొకదానినొకటి బోలియుండుటచే మోసమునకు దావీయకుండ నియమములు చేయవలసి వచ్చెను. ఇవన్నియు నిజమైన చిక్కులే. కాని యివి యన్నియు వాడుక పెరిగినకొలది దీరునట్టివి, వాడనంతవరకు దీరనట్టివి.

పత్రికలవారి కీ బాధ తక్కువ యని యొప్పుకొనవలెను. ‘ఈనాడు’, ‘సాక్షి’ వంటి మాటలు కాగితముపై అచ్చయి ముందే యిల్లిల్లు జేరినవి. రోమను వ్రాత యెట్లున్నను జనులు పోల్చుకొందురు. పెంబర్తి యిత్తడి పనివానికి అట్టి యచ్చుబలము లేదు. ఆ పనితనమునకు భౌగోళిక చిహ్నపు రక్షణ గలదు. ఆ యూరి పేరును రోమను లిపిలో నైదువిధముల వ్రాసి యెవ్వరు నమోదు చేసికొన్నను, ముందుగ దెలియునది కొనుగోలుదారునికి, ఆలస్యముగ దెలియునది పనివానికి.

కాటలన్ భాష మాటలాడువారు సుమారు కోటిమంది. వారు తమ భాషాసంస్కృతులకై ‘క్యాట్’ అను తుదిపేరును 2005లోనే సాధించిరి. వేల్సు, బాస్కు జనులు 2014లో తమవి తెచ్చుకొనిరి. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగ వ్రాయించుకొనినవారు 8 కోట్ల 11 లక్షలు. ‘తెలుగు’ అను తుదిపేరు మూలపట్టికలో లేదు. దానికై దరఖాస్తు రుసుము 2012 నాటి దఫాలో 1,85,000 డాలర్లు. తరువాతి దఫాకు 2,27,000 డాలర్లుగ నిర్ణయించిరి. రెండు ప్రభుత్వములకును ఇది పెద్ద మొత్తము కాదు, కాని యేండ్ల తరబడి నడపవలసిన వ్యవహారము. కావున దానిని తొందరపడి కోరుమని మేము చెప్పము.

అంతకు ముందు సులభముగ జేయదగిన పని యొకటి గలదు. భూభారతి, మీభూమి, మీసేవలను తెలుగు లిపిలో ‘భారత్’ తుదిపేరుతో నమోదు చేయించి, ఆ వ్రాతను బట్టిన చాలును, ఇప్పటి ద్వారమునకే చేరునట్లు కలిపివేయుట. పాత చిరునామాను దీసివేయ నక్కఱలేదు. నర్మెట్ట తహశీలుదారు కచేరీ గోడమీద ఆ పేరు తెలుగున వ్రాసియున్నచో, రైతు దానిని జూచి ఫోనులో నట్లే వ్రాయగలడు. ఇట్టి నామమొక్కటికి ఏటికి అగు రుసుము సాధారణముగ కొన్ని వందల రూపాయలు.