పాత కారు కొనునపుడు షాక్ అబ్సార్బర్ల పరీక్ష

ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించును, కాడి కట్టి దుక్కిలో పరీక్షించును. అట్టి జాగరూకుడే పాత కారును కొనునపుడు పైరంగును చూచి, ఇంజను చప్పుడు విని బయానా నిచ్చుచున్నాడు. చక్రముల కడ నుండు షాక్ అబ్సార్బర్లను వంగి చూచువారు అరుదు. పంట యమ్మిన సొమ్ముతో వాహనము కొను సభ్యులు బేరమునకు ముందు వీనిని తామే పరీక్షించుకొనుటకు వలసిన సంగతులు ఇందు వ్రాయబడుచున్నవి.

దీని పని యేమి?

కారు బరువును మోయునది స్ప్రింగు. షాక్ అబ్సార్బరు కాదు. చక్రము గుంటలో పడినపుడు స్ప్రింగు అణగి లేచును. దానిని అట్లే విడిచినచో ఊయలవలె చాలసేపు ఊగుచుండును. ఆ యూపును అణచునదే షాక్ అబ్సార్బరు. ఇది నూనె నింపిన గొట్టము. లోపలి పిస్టను కదలునపుడు నూనె సన్నని రంధ్రముల గుండ బలవంతముగా పోవలసివచ్చును. ఆ నిరోధముచేత ఊపునందలి శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోవును.

నూనె కారిపోయినను, లోపలి కవాటములు అరిగినను చక్రము ఎగిరెగిరి పడును. నేలను విడిచిన చక్రమునకు బ్రేకు వేసిన ప్రయోజనమేమి? వానకు తడిసిన రోడ్డుపై పశువు అడ్డము వచ్చినపుడు బండి నిలువవలసిన చోట నిలువదు. కావున ఇది సుఖప్రయాణమునకే గాక ప్రాణరక్షణకును ఏర్పడిన సాధనము. ఒక విషయము మరువరాదు: అరిగిన షాక్ అబ్సార్బర్లు గల కారు మెల్లగా నడుపునపుడు మిక్కిలి మెత్తగా తోచును. ఆ మెత్తదనమును చూచి మురిసి మోసపోయినవారు పెక్కుమంది.

కంటితో పరీక్ష

నాలుగు చక్రముల కడను వంగి గొట్టములను చూడవలెను. గొట్టము పొడిగా నుండవలెను. పలుచని చెమ్మ కనుపించిన భయము లేదు. నూనె ధారగా కారి, దానిపై దుమ్ము ముద్దకట్టియున్నచో లోపలి సీలు పోయినదని యెరుగవలెను. అమ్మువాడు అంతయు కడిగించి చూపిన యెడల, గతుకుల దారిని కొంత దూరము నడిపి మరల చూడవలెను. గొట్టమునకు సొట్టలు, కడ్డీకి త్రుప్పు, చివరలనుండు రబ్బరు బుష్షులకు పగుళ్లు ఉన్నవేమో గమనింపవలెను.

చేతితో పరీక్ష

సమతలమున బండిని నిలిపి, ఒక్కొక్క మూలను రెండు మూడు మారులు బలముగా క్రిందికి నొక్కి విడువవలెను. మంచి స్థితిలోనున్న మూల లేచి నిలుచును. అది మరల మరల ఊగినచో అక్కడి షాక్ అబ్సార్బరు పనికిరాదు. అయితే ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రమున బాగున్నదని నిశ్చయింపరాదు. పూర్తిగా చెడినదే దీనివలన తెలియును, సగమరిగినది తెలియకపోవచ్చును. వెనుక కమాను పట్టీలు గల పికప్పు బండ్లలో పట్టీల బిగువువలన ఈ పరీక్ష అంతగా ఉపయోగపడదు.

పిమ్మట టైరుపై అరచేతిని నిమురవలెను. ఒకచోట గుంట, ఒకచోట మిట్టగా అరిగియున్నచో చక్రము ఎగురుచున్నదని అనుమానింపవలెను. చక్రపు బ్యాలెన్సు తప్పినను ఇట్టి అరుగుదల కలుగవచ్చును గావున రెండింటిని చూపించుకొనవలెను.

నడిపి పరీక్ష

ఇద్దరు కలిసి పోవుట మేలు. జనసంచారము లేని దారిలో ఒకరు గంటకు 30 కిలోమీటర్ల వేగముతో నడిపి బ్రేకు వేయగా, రెండవవారు దూరముగా ప్రక్కన నిలిచి చూడవలెను. ముందు భాగము మిక్కిలి వంగుట, గతుకుపై చక్రము దడదడలాడుట, మలుపులో బండి ఒరుగుట, క్రిందినుండి టకటక చప్పుడు వచ్చుట, ఇవి చెడు గుర్తులు.

గతుకుల దారిని కొన్ని కిలోమీటర్లు నడిపిన వెంటనే గొట్టములను జాగ్రత్తగా తాకి చూడవచ్చును. పనిచేయు గొట్టము వెచ్చబడును. కుడివైపుది వెచ్చగానుండి దాని జత చల్లగానున్నచో చల్లనిది పని మానినదని అనుకొనవచ్చును. పొగగొట్టము మాత్రము చేయి కాల్చును. దాని దరికి పోరాదు.

బేరము సంగతి

మారుతి 800 కార్ల తయారీ 1983లో మొదలై 2014లో నిలిచిపోయినది. అట్టి కారు ఎంత తక్కువ నడిచినను దాని రబ్బరు భాగములు ముదిసియుండును. దాని ముందు చక్రములకు స్ప్రింగును షాక్ అబ్సార్బరును ఒకటిగా కూర్చిన స్ట్రట్టు ఉండును. అణచిన స్ప్రింగు విడివడినచో ప్రాణాపాయము గావున దానిని తగిన పనిముట్లు గల మెకానిక్కే విప్పవలెను.

ఒకటి చెడినను ముందువో వెనుకవో జతగా మార్చవలెను. లేనిచో బండి ఒకప్రక్కకు లాగును. ముందువి మార్చిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు సరిచూపించుకొనవలెను. ఈ ఖర్చులన్నిటిని మెకానిక్కుచే ముందే లెక్క కట్టించి, ఆ మొత్తమును ధరలో తగ్గించి అడుగుట న్యాయము. అమ్మువాడు నడిపి చూడనీయనిచో మరియొక బండిని వెదకుకొనుట యుత్తమము. ఒక పూట పరీక్షకు వెచ్చించిన రైతు, ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని సంతకు పోవునాడు నిశ్చింతగా నుండును.