లెక్కకు లెక్క

మా సీమలో డబ్బునే ‘లెక్క’ అంటాం. పంచాయతీ లెక్క ఎట్ల ఖర్చయిందో ఊరు లెక్క అడిగే తావు గ్రామసభ.

1989లో బ్రెజిల్ దేశపు పోర్టో అలెగ్రె నగరంలో ఒక పద్ధతి మొదలయింది. పురపాలక సంఘం కొత్త పనులకు పెట్టే సొమ్ము ముందు దేనికి వాడాలో పేటల వారీగా జనమే కూర్చుని తేల్చినారు. ఇది చదివి ఆశ్చర్యపోతాం గానీ, మనకూ చట్టం లేకపోలేదు. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ ఓటరు ప్రతివారూ గ్రామసభ సభ్యులే. గడిచిన ఏటి జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, రాబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు ఆ సభ ముందుకు రావాలి. మహానందిలో అరటితోట కౌలుకు చేసే రైతుకూ, గుడి ముందర టెంకాయలమ్మే అమ్మకూ అక్కడ హక్కు ఒకటే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినారు. మంచిదే. అయితే ‘మా వీధికి రోడ్డు కావాల’ అని అడగడం సులభం. పోయినేడు వేసిన రోడ్డు సంగతి అడగడమే కష్టం. నేను చూసిన సభల్లో రిజిస్టరు చేతులు మారుతుంది, సంతకాలవుతాయి, టీ వస్తుంది, అంతే!

ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీలు వేరు దారి చూపినాయి. మస్టరు రోలు ఊరి నడుమ పేరుపేరునా చదువుతారు. మొత్తం ఇన్ని లక్షలంటే ఎవరికీ పట్టదు. ‘ఫలానా మనిషి పన్నెండు దినాలు పని చేసినాడు’ అనగానే ‘యాడ చేసినాడు, వాడు ఊర్లోనే లేడు కదప్పా!’ అని వెనక నుంచి ఒక గొంతు లేస్తుంది.

పంచాయతీ జమాఖర్చులూ అట్లే పని పనికీ విడదీసి చదివించవచ్చు. ఏ వీధి కాలువకు ఎన్ని బస్తాల సిమెంటు పట్టిందో ఆ వీధివాళ్లకంటే ఏ ఆడిటరుకు బాగా తెలుస్తుంది?