అడిగితే పని, చేస్తే కూలి: ఇది దయ కాదు, చట్టం

చింతపల్లి మండల ఉపాధి కూలీల కోసం, 2025 ఆగస్టు

(ఫోన్‌లో చదవగలిగినవాళ్లు చదవలేని ఇంటిపక్కవాళ్లకు చదివి వినిపించండి.)

కొండ మీద ఒక ఊరు. భార్యాభర్తలిద్దరూ కందకాల పనికి వెళ్లారు. ఆరు రోజులు తవ్వారు. మూడు వారాలైంది, ఖాతాలో డబ్బు పడలేదు. ఎవరినడగాలో తెలీదు. "ప్రభుత్వం ఇచ్చినప్పుడు ఇస్తుందిలే" అని ఊరుకున్నారు. ఇలాంటి ఇళ్లు మన మండలంలో మీకూ తెలిసే ఉంటాయి.

ఆ "ఇచ్చినప్పుడు ఇస్తుందిలే" అనే మాట దగ్గరే మనం నష్టపోతున్నాం. ఎందుకో చూద్దాం.

పథకానికీ చట్టానికీ తేడా ఏంటి?

పథకం ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, ఇంకో ఉత్తర్వుతో మారిపోవచ్చు. చట్టం అలా కాదు. దాన్ని మార్చాలంటే పార్లమెంటులోనో శాసనసభలోనో చర్చ జరగాలి. చట్టంలో రాసింది ఇవ్వకపోతే అధికారి జవాబు చెప్పాలి.

మనం "ఉపాధి పథకం" అంటున్నాం గానీ, 2025 ఆగస్టు నాటికి దాని వెనక ఉన్నది 2005లో పార్లమెంటు చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించారు. 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నింటికీ వచ్చింది.

కూలి విలువ చింతపల్లికి కొత్తగా చెప్పాలా?

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. ఆ తిరుగుబాటుకు అడవి ఆంక్షలతో పాటు ఇంకో కారణం ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో గిరిజనులతో చాకిరీ చేయించుకుని సరైన కూలి ఇవ్వలేదు. అప్పుడు అడగడానికి చట్టం లేదు. ఇప్పుడు ఉంది. వాడుకోవడం మన చేతిలో ఉంది.

2005 చట్టం మీకు ఏమిచ్చింది? (2025 ఆగస్టు నాటి నిబంధనలు)

* ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని. అటవీ హక్కు పట్టా ఉండి, వేరే సొంత భూమి లేని గిరిజన కుటుంబానికి మరో 50 రోజులు, అంటే మొత్తం 150.

* 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి రూ.307. కొలతల ప్రకారం పూర్తి పని చేస్తే ఈ మొత్తం వస్తుంది. 100 రోజులకు రూ.30,700, 150 రోజులకు రూ.46,050.

* పని అడిగిన 15 రోజుల్లోపు చూపించాలి. చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం.

* మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. దాటితే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం. రూ.1,842 రావాల్సిన మనిషికి నెల ఆలస్యమైతే ఇది సుమారు 28 రూపాయలే. తక్కువే. కానీ ఆ 28 రూపాయలు లెక్కలోకి వచ్చాయంటే, ఆలస్యం జరిగిందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

* పని ఊరికి 5 కిలోమీటర్లు దాటితే 10 శాతం అదనపు కూలి.

* పని దగ్గరకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో ఆపైనో వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలి. ఆమెకూ అదే కూలి. పసిబిడ్డను చెట్టు కింద వదిలి తవ్వాల్సిన అవసరం ఏ తల్లికీ లేదు.

* పనిలో దెబ్బ తగిలితే ఉచిత వైద్యం. ఆసుపత్రిలో చేరితే ఆ రోజులకు కూలిలో కనీసం సగం.

రాష్ట్ర చట్టం ఏం చేసింది?

కేంద్ర చట్టం పని ఇమ్మంది. ఇచ్చిన డబ్బు కూలీ చేతికే చేరిందా అని చూసే పనిని మన రాష్ట్రం ముందుగా గట్టిగా పట్టుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే సామాజిక తనిఖీ మొదలైంది. 2012లో ఏకంగా చట్టమే చేశారు: ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ ప్రోత్సాహక, అవినీతి చర్యల నిరోధక చట్టం. తనిఖీలో బయటపడిన అక్రమాలపై విచారణకు ప్రత్యేక కోర్టుల ఏర్పాటు కూడా ఇందులో ఉంది.

అందుకే తనిఖీ బృందం మీ ఇంటికొచ్చి "ఎన్ని రోజులు చేశారు, ఎంత వచ్చింది?" అని అడిగితే మొహమాటపడొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మండలంలో ప్రజావేదిక పెట్టిన రోజు వెళ్లండి. అక్కడ మీరు చెప్పేది ఫిర్యాదు మాత్రమే కాదు, చట్టం ముందు సాక్ష్యం.

మరి మన దగ్గర ఎక్కడ జారిపోతోంది?

మొదటిది, నోటిమాట. "ఫీల్డ్ అసిస్టెంట్‌కి చెప్పాం" అంటే లెక్కలో ఉండదు. కాగితం మీద రాసివ్వండి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. 15 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. రసీదు లేకపోతే భృతి లేదు.

రెండోది, సిగ్నల్. హాజరు ఫొటో యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసి ఉంచి, నెట్‌వర్క్ దొరికాక పంపే వీలుంది. "సిగ్నల్ లేదు కాబట్టి హాజరు లేదు" అంటే ఒప్పుకోవద్దు. మీ రోజులు మీరూ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

మూడోది, ఆధార్. 2024 జనవరి నుంచి కూలి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వెళ్తోంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపోవచ్చు. పనికి వెళ్లకముందే సచివాలయంలో చూపించుకోండి.

డబ్బు పడకపోతే?

ముందు ఫీల్డ్ అసిస్టెంట్, తర్వాత మండల ఉపాధి కార్యాలయంలో ఏపీఓ, ఆపైన ఎంపీడీఓ. రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును రిజిస్టర్‌లో ఎక్కించి ఏడు రోజుల్లో పరిష్కరించాలని 2005 చట్టం చెప్పింది.

చివరగా ఒక మాట

చట్టంలో ఉన్నంత మాత్రాన అన్నీ జరిగిపోవు. కూలి రేటు చాలడం లేదని, కాఫీ కోతలు అయ్యాక నెలల్లో పని ఇంకా కావాలని మీరు అనుకుంటే, ఆ మాట గ్రామసభలో తీర్మానంగా రావాలి. మనది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పీసా చట్టం ఇక్కడి గ్రామసభకు ప్రత్యేక బలం ఇచ్చింది. రేపు శాసనసభలో కూలీ కుటుంబాల కోసం ఇంకో మంచి చట్టం రావాలన్నా, ఉన్నది బలపడాలన్నా, దానికి ఆధారం మీ రసీదులు, మీ తీర్మానాలే. ఎవరూ అడగని హక్కు అవసరం లేని హక్కుగా కనబడుతుంది.

కాబట్టి ఈ వారంలో ఒక్క పని చేయండి. జాబ్ కార్డు బయటకు తీసి, చేసిన రోజులూ వచ్చిన డబ్బూ సరిపోయాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే కాగితం రాయండి. రాయడం రాకపోతే బడికెళ్లే మీ పిల్లతోనో, పిల్లాడితోనో రాయించండి.