అడుగు చెక్క అందరిదీ

మన ఇండ్లలో నూకలంటే చులకన. చుట్టములు వస్తే నూకలన్నము పెట్టుటకు సిగ్గుపడతాము. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశములో అలా కాదు. అక్కడి సెయింట్ లూయిస్ ద్వీపపు జాలరి కుటుంబములలో పుట్టిన ‘చెబుజెన్’ అనే చేపలన్నమును నూకలతోనే వండుతారు. 2021లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వముల జాబితాలో చేర్చింది.

పద్ధతి సులువే. చేప ముక్కలకు గాట్లు పెట్టి వెల్లుల్లి, మిరపకాయ, పార్స్లీ ఆకు నూరిన ముద్ద కూరుతారు. మనకు కొత్తిమీర చాలు. నూనెలో ఉల్లిపాయలు, టమాటా ముద్ద వేయించి, నీళ్లు పోసి, చేపలు, క్యారెట్, క్యాబేజీ, వంకాయ, కర్రపెండలము ఉడికిస్తారు. ఉడికినవి ఉడికినట్లే తీసి పక్కన ఉంచుతారు. ఆ పులుసులోనే కడిగిన నూకలు వేస్తారు. నూకలపైన వేలి గణుపంత పులుసు నిలిస్తే సరి. మూత బిగించి సన్నని సెగపై మగ్గనిస్తే అడుగున ఎర్రని కరకరలాడే చెక్క కడుతుంది.

మన ఇండ్లలో అడుగంటినది సాధారణముగా తల్లి వంతు. అందరూ తిన్న తరువాత ఆమె ఒంటరిగా గిన్నె గీకుకుంటుంది. అక్కడ ఆ చెక్కే రుచియని గీకి అందరికీ పంచుతారు. ఒకే పెద్ద పళ్లెము చుట్టూ కూర్చుని, ఎడమచేతితో దాని అంచు పట్టుకొని, ఒక్క మెతుకైనా కింద పడనీయకుండా తింటారు.

ఈసారి చేపలు దొరికిన రోజున మనమూ ఇలా వండుకుందాము. తల్లిని కూడ ముందే కూర్చోబెట్టుకుందాము.