మనిషి మీదికి వచ్చే పుంజు: కర్ర లేని నిర్వహణ

సూళ్లూరుపేట పరిసర గ్రామాలకు వెళ్లే విస్తరణ సిబ్బందికి పెరటి కోళ్ల విషయంలో ఎదురుకాగల ఫిర్యాదులలో ఒకటి: "మా పుంజు మనుషుల మీదికి వస్తోంది." దీనికి సాధారణంగా జరిగే చికిత్స కర్ర, అది ఫలించకపోతే కత్తి. పుంజు ఎగిరి తన్నే ఎత్తు పసిబిడ్డల ముఖం ఎత్తే కనుక విషయం తేలికైనది కాదు. అయితే కర్రతో అది ముదురుతుందే గాని తగ్గదు.

ఇటువంటి పుంజును చూడగానే "అసీల్ రక్తం" అనేయడం తొందరపాటు. తోటి పుంజుతో పోరాడే స్వభావం వేరు, మనిషిపై దాడి వేరు. చేతిలో పెరిగిన పందెం పుంజు యజమాని చంకలో నిశ్చింతగా ఒదిగి ఉండటం సంక్రాంతి రోజులలో ఎవరైనా చూడవచ్చు. కాబట్టి జాతి కన్నా ముందు పెంపకాన్ని విచారించాలి.

కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవవచ్చుననే అంతస్తుల క్రమం ఉంటుందని 1920వ దశకంలో నార్వే శాస్త్రవేత్త ష్యెల్దెరుప్ ఎబ్బె వివరించారు. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ పెరిగే కొద్దీ పుంజు ఆ క్రమంలో తన స్థానాన్ని పరీక్షించుకుంటుంది. పెట్టలకు దూరంగా గుంజకు కట్టి ఉంచిన పుంజు, పిల్లలు ఆటగా ఉసిగొల్పిన పుంజు మనిషిని కూడా ప్రత్యర్థిగా లెక్కించే అవకాశం ఎక్కువ. మెడ ఈకలు నిక్కించడం, ఒక రెక్క దించి పక్కవాటుగా అడుగులు వేయడం దాడికి ముందు కనిపించే సంకేతాలు. అప్పుడు పరుగెత్తితే అది గెలిచినట్లు. తన్నితే పోరును మనం అంగీకరించినట్లు. కదలక నిలబడి, గంపనో తట్టనో కాళ్లకు అడ్డుగా పట్టుకోవడం మేలు.

పుంజును నేలకు అదిమి "లొంగదీయడం" కొందరు సూచిస్తారు. ఇది సరికాదు. అలా అదిమినప్పుడు పక్షి కదలక పడి ఉండటం లొంగుబాటు కాదు, వేటాడే జంతువు నోట చిక్కినప్పటి భయస్తంభన. పైగా కోడికి మనవలె ఊపిరి ఆడించే విభాజక పటలం లేదు. రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. రొమ్మును గట్టిగా నొక్కితే ఊపిరాడదు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసినా లోపలి అవయవాల బరువు గాలి సంచులపై పడుతుంది. అనవసర బాధ కలిగే రీతిలో జంతువులను మోసుకుపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

పట్టుకోవలసి వస్తే పొద్దు గుంకిన తరువాత పట్టుకోవాలి. మసక వెలుతురులో కోడికి చూపు ఆనదు, ప్రతిఘటన తగ్గుతుంది. రెక్కలను ఒంటికి ఆనించి, రెండు చేతులతో ఎత్తి, కాళ్లను వేళ్ల మధ్య ఉంచి చంకలో పెట్టుకోవాలి. కాలి ముల్లు కొనను మాత్రమే అరగదీయవచ్చు. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి. రోజూ ఒకే వ్యక్తి ఒకే వేళకు తొందర లేకుండా మేత వేస్తే కొన్ని వారాలలో మార్పు కనిపించవచ్చు. కనిపించకపోతే దానిని పిల్లలు తిరిగే చోటికి రానీయక కంచె వెనుక ఉంచాలి, విత్తనపు పుంజుగా వాడరాదు.

ముల్లు గుచ్చుకున్న గాయాన్ని వెంటనే సబ్బునీటితో బాగా కడిగి, ధనుర్వాతం టీకా విషయమై వైద్యుని సంప్రదించాలి. కంటి దగ్గర తగిలితే గాయం చిన్నదైనా ఆలస్యం చేయరాదు.